పానా పట్టే ముందు సుద్దముక్క పట్టండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వెనక హౌసింగ్ గురించే, అంటే వెనక రెండు చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఇరుసు గొట్టం గురించే. వానలు తగ్గాయి, మారేడుమిల్లి, లంబసింగి, అనంతగిరి దారులు గుర్తొస్తున్నాయి. షెడ్లలో ముసుగు తన్ని పడుకున్న మారుతీ జిప్సీలను లేపాలని అందరికీ ఒకేసారి అనిపించినట్టుంది. మైలేజీ మీద, సీటు కవర్ల మీద రాసినవాళ్లు ఈసారికి ఓర్చుకోవాలి.

ప్రశ్న: మాస్టారూ, నాది 1991 జిప్సీ, ఎంజీ 410, గుడ్డ టాపుది. సముద్రపు గాలికి వెనక హౌసింగ్ తుప్పు పట్టింది. ఎడమవైపు ట్యూబు మీద వెల్డింగ్ చేయించినా మళ్లీ అక్కడే ఆయిల్ చెమరుస్తోంది. విజయవాడ ఆటోనగర్‌లో 1998 జిప్సీ కింగ్ వెనక హౌసింగ్ డ్రమ్ములతో సహా దొరికింది. "కళ్లు మూసుకుని ఎక్కించేయొచ్చు" అన్నాడు అమ్మే అతను. ఇంటి దగ్గర రేకుల షెడ్డు ఉంది, కింద కాంక్రీటు నేల. నేనూ మా బావమరిదీ కలిసి మార్చుకుందామని అనుకుంటున్నాం. ఇది పడుతుందా? వెనకది ఒక్కటే మారిస్తే చాలా? ఏ వరసలో విప్పాలి? — ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: పడుతుంది. కళ్లు మాత్రం తెరిచే ఉంచండి.

జిప్సీ 1985 చివర్లో మన రోడ్డెక్కినప్పుడు ఎడమ టైరు నడిమి నుంచి కుడి టైరు నడిమికి దూరం ముందు 1210 మిల్లీమీటర్లు, వెనక 1220. 1993లో కంపెనీ రెండు హౌసింగ్‌లూ మార్చి ముందు 1300, వెనక 1310 చేసింది. మనం వైడ్ ట్రాక్ అనేది దాన్నే. 1996లో 1300 సీసీ ఇంజన్‌తో వచ్చిన కింగ్‌దీ ఆ వెడల్పే. అంటే మీ బండి పాత వెడల్పుది, మీరు చూసిన హౌసింగ్ కొత్త వెడల్పుది. కమాన్లు (బండి బరువు మోసే ఆకు స్ప్రింగులు) కూర్చునే సీట్లు రెండింటికీ ఒకే దూరంలో ఉంటాయి, కాబట్టి వెల్డింగ్ పని పడదు. అయినా డబ్బు చేతులు మారకముందే ఒక సీటు మధ్య రంధ్రం నుంచి అవతలి సీటు మధ్య రంధ్రం దాకా టేపు పెట్టి కొలవండి, అదే కొలత మీ బండి కింద దూరి కూడా తీసుకోండి. ఎవరో ఎత్తు పెంచుదామని గ్యాస్ కట్టర్ పెట్టి సీట్లు కోసి మళ్లీ అతికించిన హౌసింగ్‌లు మార్కెట్లో తిరుగుతుంటాయి. రిమ్ముల గురించి దిగులు లేదు. రెండింటికీ అయిదు స్టడ్లే, 139.7 మిల్లీమీటర్ల వృత్తమే.

ఇక అసలు సంగతి. మీరు అడగనిది, అమ్మే అతను చెప్పనిది. ఆ హౌసింగ్ లోపల ఉన్న క్రౌన్ పినియన్ లెక్క మీ ముందు హౌసింగ్‌లో ఉన్న లెక్కతో కలుస్తుందా? క్రౌన్ అంటే హౌసింగ్ మధ్యలో చక్రాలను తిప్పే పెద్ద పళ్లచక్రం, పినియన్ దాన్ని తిప్పే చిన్నది.

సుజుకీ ఈ బండి వంశంలో ఎస్‌జే 410కి క్రౌన్ 37 పళ్లు, పినియన్ 9 పళ్లు పెట్టింది. భాగిస్తే 4.11. ఎస్‌జే 413కి 41 పళ్లు, 11 పళ్లు. అది 3.73. పైకి చూస్తే రెండు హౌసింగ్‌లూ అన్నదమ్ముల్లా ఉంటాయి. పైగా మన దేశంలో ఇన్నేళ్లలో ఎవరు ఏ బండి సెంటర్ (ఈ పళ్లచక్రాల ముద్ద) తీసి ఏ బండిలో వేశారో హౌసింగ్ మీద రాసి ఉండదు. అందుకే మోడల్ సంవత్సరాన్ని నమ్మను, లెక్కనే నమ్ముతాను.

లెక్క కలవకపోతే ఏమవుతుంది? టూ వీల్‌లో ఏమీ కాదు, కాకినాడ నుంచి రాజమండ్రి హాయిగా వెళ్లి వస్తారు. కాకపోతే జిప్సీలో స్పీడోమీటరు కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసులోంచి, అంటే ఇంజన్ బలాన్ని ముందు, వెనక హౌసింగ్‌లకు పంచే పెట్టెలోంచి, వస్తుంది కనుక వెనక లెక్క మారితే ముల్లు తప్పు చూపిస్తుంది. ఫోర్ వీల్ లివర్ లాగారా, అప్పుడు మొదలవుతుంది గొడవ. ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు (ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి హౌసింగ్‌లకు వెళ్లే కడ్డీలు) ట్రాన్స్‌ఫర్ కేసులో ఒకే వేగానికి కట్టుబడి తిరుగుతాయి. ఒక హౌసింగ్ 4.11, ఇంకోటి 3.73 అయితే వంద మీటర్లు నడిచేసరికి ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ దాదాపు అయిదు చుట్ల తేడా వస్తుంది. ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి నడుస్తానంటే ఒకటి పరుగెడతానన్నట్టు. బురదలో టైర్లు జారి ఆ తేడాను సర్దేస్తాయి. గట్టి నేల మీద సర్దుకునే దారి లేదు. స్టీరింగ్ బిగుసుకుంటుంది, లివర్ వెనక్కి రాదు, చివరికి షాఫ్టు కీలు అయిన యూజే క్రాసో ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లో పోతాయి. సైన్యం బండ్లు బాగుచేసే ఈఎంఈ వర్క్‌షాపుల్లో నా సర్వీసులో ఎక్కువ భాగం జిప్సీల కిందే గడిచింది. ఇలా పళ్లు రాలిన ట్రాన్స్‌ఫర్ కేసు విప్పినప్పుడు కిందకి వచ్చే ఆయిల్ వెండి రంగులో మెరుస్తుంది. చూడ్డానికి అందంగానే ఉంటుంది, బిల్లు చూసేదాకా.

లెక్క కట్టడానికి హౌసింగ్ విప్పక్కర్లేదు. సుద్దముక్క చాలు. మీ బండిలో ముందు హౌసింగ్ చూద్దాం. గేరు న్యూట్రల్‌లో, ఫోర్ వీల్ లివర్ టూ వీల్‌లో పెట్టండి. వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. ఫ్రీ వీల్ హబ్‌లు (ముందు చక్రాన్ని షాఫ్టు నుంచి విడదీసే మూతలు) ఉంటే రెండూ లాక్ చేయాలి, లేకపోతే చక్రం తిరుగుతుంది గానీ షాఫ్టు తిరగదు. ఒక ముందు చక్రాన్ని మాత్రమే జాకీ మీద లేపి స్టాండు పెట్టండి, రెండోది నేల మీదే ఉండాలి. చక్రం మీద ఒక సుద్ద గీత, ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఒక సుద్ద గీత. బావమరిదిని షాఫ్టు కనిపించే చోట కూర్చోబెట్టి మీరు చక్రాన్ని 20 చుట్లు తిప్పండి. ఒక చక్రం కదలకుండా ఉంది కాబట్టి డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ తిరుగుడు పంచే పళ్ల అమరిక) వల్ల క్రౌన్ సగమే తిరుగుతుంది, అంటే 10 చుట్లు. ఆయన షాఫ్టు 41 చుట్లు లెక్కపెడితే మీది 4.11. 37 దాటి ఆగితే 3.73. ఒక్క చుట్టు తిప్పి చూసి తేల్చేస్తే పొరపాటు పడటం ఖాయం, రెండింటికీ తేడా అంత సన్నం. ఆటోనగర్‌లో నేల మీద పడున్న హౌసింగ్‌కి ఇంకా సులువు: ఒక డ్రమ్మును ఒకరు గట్టిగా పట్టుకోవాలి, ఇంకో డ్రమ్మును 20 చుట్లు తిప్పాలి, పినియన్ ఫ్లాంజి (ప్రొపెల్లర్ షాఫ్టు బిగించే పళ్లెం) మీద గీత చూసుకోవాలి. అమ్మే అతను నవ్వితే నవ్వనివ్వండి.

లెక్క కలిసిందనుకుందాం. వెనకది ఒక్కటే మారిస్తే చాలా అన్నారు. రోడ్డు మీదకి చాలు. అడవి దారికి నాకు నచ్చదు. ముందు 1210, వెనక 1310 అయితే వెనక టైరు ఒక్కోవైపు 5 సెంటీమీటర్లు బయటికి పోతుంది. బురదలో ముందు టైరు తొక్కి గట్టిపరిచిన గాడిలో వెనక టైరు పడదు, పక్కన కొత్త గాడి తవ్వుకుంటూ వస్తుంది. ఇంజన్ బలం అక్కడే పోతుంది. ఇరుకు కల్వర్టు మీద ముందు టైరు చూసి అంచనా వేస్తే వెనక టైరు అంచు దాటి ఉంటుంది. బురద చిమ్మి బాడీకి కొట్టడం సరేసరి. నన్నడిగితే ఒకే బండిలోంచి తీసిన ముందు, వెనక హౌసింగ్‌లు జతగా కొనండి. అప్పుడు లెక్క గొడవా ఉండదు, వెడల్పు గొడవా ఉండదు. జత దొరక్కపోతే పాత వెడల్పు వెనక హౌసింగ్ కోసం ఇంకో నెల ఆగండి. ముందు హౌసింగ్ మార్చడంలో స్టీరింగ్ రాడ్లు, నకిల్ బేరింగులు కలుస్తాయి, ఆ కథ ఇంకో నెల చెబుతాను.

కొనేముందు ఇంకో రెండు చూపులు. డ్రెయిన్ బోల్టు విప్పించి ఆయిల్ వేలికి రాసుకోండి. నల్లగా ఉంటే పర్లేదు, రవ్వలు తగిలితే వద్దు, పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు పోయాయి, బేరింగులు మార్చుకోవాల్సిందే. రెండోది వంపు. బరువు వేసి గుంతల్లో దూకించిన హౌసింగ్ కంటికి కనిపించనంత వంగుతుంది. రెండు డ్రమ్ములకూ రిమ్ములు తగిలించి, హౌసింగ్ ఎత్తులోనే, రిమ్ముల ముందు అంచుల మధ్య ఒకసారి, వెనక అంచుల మధ్య ఒకసారి దూరం కొలవండి. రెండూ ఒకటే రావాలి. రాకపోతే చవగ్గా ఇస్తానన్నా తీసుకోకండి, టైర్లను రంపంలా అరగదీస్తుంది.

ఇక విప్పే వరస. లారీ పని తెలిసినవాళ్లు జిప్సీ దగ్గర తికమకపడే చోటు ఒకటుంది. లారీలో కమాను పైన, హౌసింగ్ కింద. రెండింటినీ కలిపి పట్టే యూ బోల్టులు విప్పితే హౌసింగ్ కిందకి దిగిపోతుంది. జిప్సీలో తిరగేసి ఉంటుంది: కమాన్ల పైన హౌసింగ్ కూర్చుంటుంది. యూ బోల్టులు విప్పినా అది ఎక్కడికీ పోదు, కమానుకూ ఛాసిస్‌కూ మధ్య ఇరుక్కుని ఉంటుంది. పక్కకి లాగి తీద్దామని తంటాలు పడకండి. కమాను వెనక చివరను ఛాసిస్‌కి తగిలించే షాకిల్ పిన్నులు తీసేస్తే కమాన్లు వెనకవైపు నేలకి వాలిపోతాయి. టైర్లు ఉన్న హౌసింగ్‌ను అలాగే వెనక్కి దొర్లించుకోవచ్చు. కొత్తది కూడా టైర్లు బిగించే లోపలికి దొర్లించండి. ఇద్దరు మనుషులకు నడుం నొప్పి లేకుండా పని అయ్యే దారి ఇదొక్కటే.

ముందురోజు సాయంత్రమే నట్లన్నిటికీ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పెట్టండి, ముఖ్యంగా షాకిల్ పిన్నులకు, బ్రేకు పైపు నట్లకు. కాకినాడ బండి కదా, ఒక పూట నాననివ్వకపోతే మాట వినవు. మర్నాడు బండి నేల మీద ఉండగానే చక్రాల నట్లు వదులు చేసుకోండి, ప్రొపెల్లర్ షాఫ్టు ఫ్లాంజి బోల్టులు కూడా. అంతకంటే ముందు రెండు ఫ్లాంజిల మీదా కలిపి ఒక గీత గీయండి. షాఫ్టును విడదీసి జాయింటు జారనిచ్చారంటే, మళ్లీ అదే పంటిలో కూర్చోబెట్టకపోతే బండి 60 దాటగానే వణుకుతుంది. కింగ్ హౌసింగ్ ఫ్లాంజి బోల్టు రంధ్రాలు మీ పాత షాఫ్టుతో కలవకపోవచ్చు. అందుకని ఆటోనగర్‌కి వెళ్లేటప్పుడే మీ ఫ్లాంజిని ఒక అట్టముక్క మీద పెట్టి రంధ్రాలు గీసుకుని వెళ్లండి. తేడా ఉంటే ఆ హౌసింగ్ ఫ్లాంజి మార్చడం కన్నా దాని షాఫ్టు కూడా బేరమాడడం మేలు.

ఛాసిస్‌ను స్టాండ్ల మీద ఎక్కించండి, వెనక కమాను ముందు బ్రాకెట్‌కి కాస్త ముందు. ఆ తరవాత బ్రేకు. ఇక్కడ తొందర పనికిరాదు. ఛాసిస్ నుంచి హౌసింగ్‌కి దిగే రబ్బరు హోసు దగ్గర ఇనుప పైపు నట్టు 10 నంబరుది. మామూలు ఓపెన్ పానా పెట్టి బలవంతం చేస్తే దాని మూలలు గుండ్రంగా అరిగిపోతాయి, ఇక గ్రిప్ ప్లయర్ తప్ప గతి లేదు, ఆ తరవాత కొత్త పైపు తప్ప గతి లేదు. నట్టును చుట్టూ పట్టుకునే ఫ్లేర్ పానా వేరే దొరుకుతుంది, అది తెచ్చుకోండి. పైపు విప్పగానే చివర రబ్బరు టోపీ తొడగండి. బ్రేకు ఆయిల్ పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. హోసు ఎలాగూ విప్పారు కనుక కొత్తదే వేయండి. ముప్పై ఏళ్ల రబ్బరుతో బ్రేకు మీద కక్కుర్తి పడొద్దు. హ్యాండ్ బ్రేకు కేబుల్ వెనక డ్రమ్ముల్లోకి వెళ్తుంటే అది, హౌసింగ్ గాలి పైపు, షాక్ అబ్జార్బర్ కింది నట్లు. చివర్లో యూ బోల్టులు.

పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు. ఒకసారి సాగిన మర మళ్లీ అంత బిగువు పట్టదు. బిగించేటప్పుడు నాలుగు నట్లూ మూలమూలకు మార్చుకుంటూ, ప్లేటు అన్నివైపులా సమానంగా పైకి వచ్చేలా తిప్పాలి. ప్లేటు కింద మిగిలిన మర నాలుగింటికీ ఒకే పొడవు కనిపించాలి. కమాను మధ్య బోల్టు తల సీటు రంధ్రంలో కూర్చుందో లేదో వేలు పెట్టి చూసుకోండి. పక్కకి ఎక్కి కూర్చుంటే హౌసింగ్ ఏటవాలుగా నిలబడి బండి పీతలా నడుస్తుంది. షాకిల్ పిన్నులకు రబ్బరు బుష్షులు కొత్తవి వేసి, వేలితో తిరిగేంత బిగించి వదిలేయండి. యూ బోల్టులకూ షాకిల్ పిన్నులకూ ఆఖరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడ్డాకే. గాలిలో బిగిస్తే ఆ రబ్బరు మెలితిరిగిన భంగిమలోనే పట్టుకుపోయి నెల తిరక్కుండా చిరుగుతుంది.

ఆయిల్ పోసే ముందు కాదు, హౌసింగ్ ఎక్కించే ముందే పైనున్న ఫిల్లర్ బోల్టు ఊడుతుందో లేదో చూసుకోండి. చాలామంది కింద బోల్టు విప్పి పాత ఆయిల్ వదిలేశాక పైది రావడం లేదని తల పట్టుకుంటారు. జీఎల్-5 రకం 90 నంబరు గేరు ఆయిల్, బండి చదునుగా నిలబడ్డాక ఫిల్లర్ రంధ్రం లోంచి బయటికి జారేదాకా. బ్రేకు గాలి తీసేటప్పుడు వెనక ఎడమ చక్రం ముందు, అది మాస్టర్ సిలిండర్‌కి దూరం కనుక. తరవాత వెనక కుడి. ఇంజన్ స్టార్ట్ చేయకముందు పెడల్ గట్టిగా నిలబడాలి. వీధి చివరిదాకా నడకంత వేగంలో వెళ్లి రండి, డ్రమ్ములు వేడెక్కాయా చేత్తో చూడండి. ఒక వంద కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించండి. తప్పనిసరిగా ఒక పావు చుట్టు తింటాయి.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా ఆయన ఇంటి ముందు జీపు కింద పడుకుని పని చేస్తుంటారు. జాకీ పెట్టి పక్కన సిమెంటు ఇటుకలు పేరుస్తారు. నేను వద్దంటే "ఇన్నాళ్లూ ఏం కాలేదుగా" అంటారు. మీరు రాస్తే వింటారేమోనని. — ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ఈ పేజీ చింపి ఆయన పానాల పెట్టెలో పెట్టండి. బావగారూ, బోలు సిమెంటు ఇటుక గోడలో బరువు మోస్తుంది, ఎందుకంటే అక్కడ బరువు అంతటా సమానంగా పడుతుంది. ఛాసిస్ అంచు ఒక్క గీత మీద పడితే అది పగిలే ముందు చప్పుడు కూడా చేయదు. జాకీ లేపడానికే, నిలబెట్టడానికి కాదు. లోపల ఒక చిన్న రబ్బరు సీలు పోతే మొత్తం దిగిపోతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మూడు టన్నుల జాక్ స్టాండ్ల జత దొరుకుతుంది, ఒక టైరు ధర కూడా ఉండదు. పార్కింగ్ టైల్స్ మీద స్టాండు పెడితే టైలు పగిలి కాలు దిగుతుంది, కింద మందపాటి చెక్క పలక వేయండి. విప్పిన చక్రాన్ని గోడకి ఆనించకుండా ఛాసిస్ కింద పడుకోబెట్టండి. స్టాండు జారినా బండికీ నేలకీ మధ్య ఆ చక్రం అడ్డం ఉంటుంది. కిందకి దూరే ముందు బండిని భుజంతో గట్టిగా ఊపండి. కదిలితే దూరకండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అసలు దూరకండి.

ప్రశ్న: సార్, మేము డల్లాస్‌లో ఉంటాం. మా అబ్బాయి కాలేజీ డబ్బులతో 1998 జీప్ చెరోకీ కొన్నాడు, 4.0 లీటర్ ఆటోమేటిక్. వెనక డానా 35 హౌసింగ్ బలహీనమని, తీసేసి క్రైస్లర్ 8.25 వేస్తానని అంటున్నాడు. ఇంటి గరాజ్‌లో అయ్యే పనేనా? వాడి మాటల్లో నాకు అర్థమైనది సగమే. — ఒక తండ్రి

జవాబు: అయ్యే పనే. అబ్బాయి చదువుకునే మాట్లాడుతున్నాడు. ఆ మోడల్ చెరోకీలో ఈ రెండు హౌసింగ్‌లూ కంపెనీయే వేసింది, కమాను సీట్లు ఒకే చోట ఉంటాయి, కోతలు, అతుకులు అక్కర్లేదు. కవరు చూసి గుర్తుపట్టొచ్చు: డానా 35ది కోడిగుడ్డు ఆకారం, 8.25ది కింద చదునుగా కోసినట్టు ఉంటుంది. 1997 నుంచి వచ్చిన 8.25లో చక్రాలను తిప్పే లోపలి షాఫ్టు పళ్లు 29, అంతకుముందు వాటిలో 27. కొత్తదాన్నే వెతకమనండి. అక్కడ మనమే పానాలు పట్టుకెళ్లి విప్పుకునే పాత బండ్ల యార్డులు ఉంటాయి కదా, చెరోకీ 2001 దాకా తయారైంది కనుక దొరక్కపోదు.

ఆ యార్డులో అడగాల్సిన ప్రశ్న కాకినాడ ఆయనకు చెప్పిందే: క్రౌన్ పినియన్ లెక్క ఎంత? 4.0 ఇంజన్‌కి ఆటోమేటిక్ గేర్లుంటే సాధారణంగా 3.55, అయిదు గేర్ల మాన్యువల్‌కి 3.07. అబ్బాయిది ఆటోమేటిక్, కాబట్టి ఆటోమేటిక్ బండి హౌసింగే తేవాలి, తెచ్చాక సుద్దముక్కతో తేల్చుకోవాలి. పినియన్ పొడవు తేడా ఉండొచ్చు, అదే బండి ప్రొపెల్లర్ షాఫ్టు కూడా విప్పుకుని రమ్మనండి. చెరోకీలో కమాను పైన, హౌసింగ్ కింద. యూ బోల్టులు తీయగానే దాని బరువంతా జాకీ మీద పడుతుంది, జిప్సీలా కమాను ఆపదు. ఆ నిమిషానికి మీరు గరాజ్‌లోనే ఉండండి, కింద మాత్రం కాదు.

ప్రశ్న: హౌసింగ్ మారిస్తే ఆర్టీవో వాళ్లు పట్టుకుంటారా? — ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 చెప్పేది ఇది: కంపెనీ ఇచ్చిన వివరాలకు, అంటే ఆర్సీలో ఉన్న వివరాలకు, భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. తుప్పు పట్టిన భాగం తీసి అదే మోడల్ భాగం వేయడం మరమ్మతు. హౌసింగ్‌ను కమాన్ల కిందకి మార్చి బండిని జానెడు లేపడం, వేరే కంపెనీ ఇంజన్ వేయడం మరమ్మతు కాదు. వైడ్ ట్రాక్ మార్పు రెండింటి మధ్యలో పడుతుంది. చేసే ముందే ఆఫీసులో రాతపూర్వకంగా అడగడం మంచిది. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి అయిదేళ్లకోసారి రెన్యువల్ తప్పదు, అప్పుడు ఇన్‌స్పెక్టర్ ఎలాగూ చూస్తాడు. కొన్న హౌసింగ్‌కి బిల్లు అడిగి తీసుకోండి. దొంగ బండి భాగం అని తేలితే సెక్షన్ 52 చిన్న సమస్య అయిపోతుంది.

ప్రశ్న: జిప్సీకి పాత హౌసింగ్ ఒకటి తెచ్చి వేసుకున్నాను. 50 దాటగానే వెనక నుంచి ఊళ వేస్తోంది. మెకానిక్ షిమ్ములు (క్రౌన్ పినియన్ సందు సర్దే పలుచని రేకులు) మారుస్తానంటున్నాడు. మార్పించనా? — ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఆగండి. ముందు ఆయిల్ ఉందో లేదో ఫిల్లర్ విప్పి చూడండి. తెచ్చి బిగించి ఆయిల్ పోయడం మరిచిపోయినవాళ్లు మీరు అనుకునేంత తక్కువమందేమీ కాదు. ఆయిల్ ఉంటే ఖాళీ రోడ్డు మీద 60లో వెళ్తూ యాక్సిలరేటర్ వదలండి. తొక్కినప్పుడు ఒక స్వరం, వదిలినప్పుడు ఇంకో స్వరం అయితే క్రౌన్ పినియన్ సర్దుబాటు పోయింది. యాక్సిలరేటర్‌తో సంబంధం లేకుండా, బండి ఎడమకి తిప్పితే పెరిగి కుడికి తిప్పితే తగ్గుతుంటే అది చక్రం బేరింగు, కుడివైపుది, ఎందుకంటే ఎడమకి తిరిగేటప్పుడు బరువు కుడి చక్రం మీద పడుతుంది. గేరు వేయగానే ఠక్కున కొడితే యూజే క్రాస్. ఊళ కాక వణుకు అయితే ఫ్లాంజి గీత కలపకుండా బిగించారన్నమాట.

క్రౌన్ పినియన్‌దే అని తేలినా, బండి కింద పడుకుని చేతి అంచనాతో షిమ్ములు మార్చనివ్వకండి. జిప్సీలో సెంటర్ మొత్తం ముందువైపు నుంచి ముద్దలా ఊడి వస్తుంది. రెండు చక్రాల లోపలి షాఫ్టులు కాస్త బయటికి లాగి, బోల్టులు విప్పి, ఆ ముద్దను సంచిలో వేసుకుని డయల్ గేజీ (సన్నని సందులు కొలిచే ముల్లు గడియారం) ఉన్న షాపుకి పట్టుకెళ్లండి. క్రౌన్ పళ్లకు రంగు పూసి తిప్పి చూపించమనండి. ముద్ర పంటి మధ్యలో పడితే సర్దుబాటు సరిగ్గా ఉంది, చప్పుడు బేరింగులదే. పంటి అంచున పడితే అప్పుడు షిమ్ముల మాట. మీ మెకానిక్ దగ్గర డయల్ గేజీ ఉందా అని మాత్రం మర్యాదగా ఒకసారి అడగండి.